కళ్లం మీద కోర్టు

జనవరి, సంక్రాంతి వెళ్లాక

పని ఇది: తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్లో, ఇంటి వెనక ధాన్యం నూర్చే పాత కళ్లాన్ని షటిల్ కోర్టుగా మార్చడం. పనివాళ్లం ఎక్కువగా మేమే. గడువు మృగశిర కార్తె. ఆ తర్వాత వానలు మొదలైతే డెల్టా నల్లమట్టిలో కాలు పెట్టడమే కష్టం, పని మాట దేవుడెరుగు.

మా పెద్దది ఎనిమిదో తరగతి. గుంటూరులో రోజూ షటిల్ కోచింగ్‌కు వెళుతుంది. ఆట బాగానే వస్తోంది. ఆ ఆట చుట్టూ మా బతుకే గాడి తప్పింది. ఫీజు కట్టేది మేము, స్కూటర్ మీద దింపేది మేము, గ్యాలరీలో కూర్చుని ఫోను చూసుకునేది మేము. టోర్నమెంటు అంటే రైలు టికెట్లు, పులిహోర డబ్బా, నీళ్ల క్యాను, ఇండోర్ హాలు మెట్ల మీద పొద్దస్తమానం ఎదురుచూపులు. అంత సేపట్లో మా ఒళ్లు కదిలేది క్యాంటీన్‌కు వెళ్లినప్పుడే. పిల్లలు చురుగ్గా తయారవుతుంటే పక్కనే తల్లిదండ్రులకు మోకాళ్ల నొప్పులు వస్తున్నాయి. ఏ ఊరి హాల్లో గ్యాలరీ వైపు చూసినా ఇదే వరస.

అక్కడ కూర్చున్న తండ్రులు సింధు పేరు తరచూ ఎత్తుతారు. కూతురి కోసం ఆ తండ్రి పడ్డ కష్టం చెప్పుకుంటారు. నిజమే, కాదనను. కానీ ఆ తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆడిన మనిషి. తల్లి విజయగారు కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఆ ఇంట్లో ఆట పెద్దవాళ్ల ఒంట్లోంచి పిల్లలోకి వచ్చింది. కథలో ఈ సగాన్ని మాత్రం గ్యాలరీలో ఎవరూ ఎత్తరు. ఎత్తితే లేచి నిలబడాల్సి వస్తుంది కదా.

కాబట్టి మా ఇంటి తీర్మానం: వారాంతాల్లో ఊరు వెళ్లాలి, కోర్టు కట్టాలి, కట్టాక అందరూ ఆడాలి. అత్తయ్యగారు సహా.

జనవరి ఆఖరు: కొలతలు

ఆట పుస్తకాల్లో కొలతలు మీటర్లలో ఉంటాయి. మేస్త్రీల టేపు అడుగుల్లో మాట్లాడుతుంది. అదృష్టవశాత్తు షటిల్ కోర్టు పుట్టిందే అడుగుల్లో కాబట్టి లెక్కలు ముక్కలు కాకుండా వస్తాయి. పొడవు 44 అడుగులు, వెడల్పు 20. నెట్టు నుంచి ముందు సర్వీసు గీత ఆరున్నర అడుగులు. వెనక గీతకు రెండున్నర అడుగులు లోపల డబుల్స్ సర్వీసు గీత. పక్కల అడుగున్నర వదిలితే సింగిల్స్ కోర్టు.

పురికొస, నాలుగు మేకులు, సుత్తి పట్టుకుని దిగాం. మూల తిన్నగా రావడానికి పాత చిట్కా: ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగడుగులు గుర్తుపెడితే ఆ రెంటి మధ్య దూరం సరిగ్గా ఐదు రావాలి. చిన్నవాడు ఐదో తరగతి. పైథాగరస్ పేరు వాడింకా వినలేదు. మేకు దగ్గర నిలబడి "ఐదు రాలేదు, ఇంకొంచెం జరపండి" అని అధికారం చలాయించాడు. ఆఖరి పరీక్ష కర్ణాలు. రెండూ 48 అడుగుల నాలుగు అంగుళాలు వస్తే దీర్ఘచతురస్రం సరైనట్టు. మాకు ఒకటి రెండంగుళాలు ఎక్కువ వచ్చింది. మేకు పీకి, మళ్లీ కొట్టి, మళ్లీ కొలిచి, మధ్యాహ్నం భోజనం వేళకు రెండూ సమానం చేశాం.

దిశ విషయంలో చర్చ లేదు. ఆరుబయట కోర్టు ఉత్తర దక్షిణాలుగానే ఉండాలి. తూర్పు పడమరలుగా పెడితే పొద్దున ఒకడికి, సాయంత్రం ఒకడికి సూర్యుడు కళ్లల్లో ఉంటాడు. ఇందుకోసం కళ్లం అంచున ఉన్న గడ్డివామిని కొంత జరపాల్సి వచ్చింది. అత్తయ్యగారు రెండు రోజులు మాతో ముభావంగా ఉన్నారు.

ఫిబ్రవరి మొదట్లో: మట్టి

నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వేసవిలో ఇక్కడి పొలాల్లో బీటల్లోకి చెయ్యి దూరుతుంది. అలాంటి నేల మీద పరుగెత్తితే చీలమండ పని అయిపోయినట్టే. పై మట్టి అర అడుగు తీసేసి, అడుగున దిమ్మిస కొట్టి, రెండంగుళాల ఇసుక పరిచి, దాని మీద నాలుగు అంగుళాల ఎర్రగ్రావెల్ వేయాలన్నది మా పథకం.

లెక్క: కోర్టు చివరల ఐదేసి అడుగులు, పక్కల నాలుగేసి అడుగులు వదిలితే 54 × 28. నాలుగు అంగుళాల మందానికి 504 ఘనపుటడుగులు. రోలరు పడితే గ్రావెల్ బాగా అణుగుతుంది కాబట్టి 650 దాకా కావాలి. చేబ్రోలు వైపు నుంచి ట్రాక్టర్లలో తెప్పించాం. ఈ ప్రాజెక్టులో డబ్బు ఎక్కువగా పోయింది ఇక్కడే. మిగతాదంతా చెమటతో తీరింది.

నేల పని మొత్తానికి పెద్దదిక్కు మా మామయ్యగారే. డెబ్బై దాటినా ఆయనకు తెలిసినంత నేల సంగతి మా ఇద్దరి డిగ్రీలు కలిపినా రాదు. పూర్వం వరి కోతలకు ముందు కళ్లం చేయడం ఓ పెద్ద పని. గడ్డి చెక్కాలి, నీళ్లు చల్లాలి, పశువులను తొక్కించాలి, పేడనీళ్లతో అలకాలి. గింజ మట్టిలో కలవకూడదు, నేల పెచ్చులు లేవకూడదు. కోత యంత్రాలు వచ్చాక వరి కళ్లానికి రావడమే మానేసింది. ఆ విద్య ఇప్పుడు మా కోర్టుకు అక్కరకు వచ్చింది.

ఆయన పదును, అంటే నేలలో చెమ్మ సరిపోయిందా లేదా అని, చూసే తీరు దగ్గర్నుంచి గమనించాను. నీళ్లు చల్లిన మర్నాడు పొద్దున్నే వచ్చి, గుప్పెడు గ్రావెల్ తీసి గట్టిగా పిసికారు. అది ముద్ద కట్టింది. ముద్దను బొటనవేలితో నొక్కితే రెండుగా విరిగింది, పొడి కాలేదు. అరచేయి తిప్పి చూశారు. చెమ్మ ఉంది, బురద అంటలేదు. "ఇప్పుడు లాగించండి, పది దాటితే ఎండిపోతుంది" అన్నారు. ఇంకో మూల గుప్పెడు తీస్తే చేతికి జిగురు అంటుకుంది. అటువైపు మధ్యాహ్నం దాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. రోడ్లు వేసే ఇంజినీర్లు ఇదే పరీక్షను లేబొరేటరీలో చేస్తారని మా ఆయన చెప్పబోయారు. మామయ్యగారు వినిపించుకోకుండా ఇంకో గుప్పెడు తీశారు.

ఫిబ్రవరి మధ్యలో: రోలరు

వేపచెట్టు కింద ఎన్నో ఏళ్లుగా పడి ఉన్న రాతి రోలరు ఉంది. ఒకప్పుడు ఎద్దులు లాగేవి. ఇప్పుడు ఎద్దులు లేవు, మేమున్నాం. ఇరుసుకు గ్రీజు పెట్టి, ఇనప చట్రానికి మోకు కట్టి, ముందు మా ఆయన, నేను, వెనక నుంచి తోయడానికి పిల్లలు. మొదటి నాలుగు బారలు ఉత్సాహంగా సాగాయి. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి.

మా ఆయన జిమ్‌లో ఏడాది ఫీజు ఒకేసారి కట్టిన మనిషి. కట్టిన కొత్తలో వెళ్లారు కూడా. ఆ జిమ్ యంత్రాల మీద ఎప్పుడూ చూడని చెమట ఇక్కడ చూశాను. చేతికి పెట్టుకున్న వాచీ ఇంత కష్టాన్నీ "నడక" అని నమోదు చేసింది. అది చూసి ఆయనకు వచ్చిన కోపంతో ఇంకో రెండు వరసలు అదనంగా అయ్యాయి.

నా సంగతి: బ్యాంకులో రోజంతా కుర్చీలో ఉంటాను. ఊపిరి కన్నా ముందు నడుము లొంగిపోయింది. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడ కండరాలు ఒక్కొక్కటీ లేచి పలకరించాయి. తర్వాతి వారం అంత లేదు. ఆపై వారం రోలరు పని కన్నా ముందు పిల్లతో కలిసి కాలువ గట్టు మీద లాకుల దాకా పరుగెత్తి వచ్చాను. మధ్యలో నడిచాననుకోండి. కోచింగ్‌లో తను చేసే వార్మప్ నాకు నేర్పిస్తూ "మోకాలు కాలివేళ్లు దాటి ముందుకు రాకూడదమ్మా" అని గదమాయించింది. రోజూ నేను స్కూటర్ మీద దింపే పిల్ల ఇంత తెలిసిన మనిషని ఇంతకాలం గమనించలేదు.

నేల వాలు: వాన నీరు నిలవకుండా పడమర నుంచి తూర్పుకు మూడంగుళాల వాలు పెట్టాం. పొడవునా పెడితే ఒక పక్క ఆడేవాళ్లు పల్లంలో, ఇంకో పక్కవాళ్లు మెరకలో ఉంటారు. అడ్డంగా పెడితే ఇద్దరికీ ఒకటే. సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, రెండు చివర్లా మట్టం చూసుకున్నాం. గొట్టంలో గాలిబుడగ ఉంటే లెక్క తప్పుతుంది. దాన్ని వేలితో కొడుతూ బయటకు పంపడం చిన్నవాడికి అప్పజెప్పిన ఉద్యోగం. ఎంతో శ్రద్ధగా చేశాడు.

మార్చి: మినుము వచ్చింది

నేల తయారైంది. గీతలు గీద్దామని వస్తే కోర్టు నిండా మినుప చెట్టు.

వరి తర్వాత ఇక్కడి మాగాణుల్లో మినుము, పెసర వేస్తారు. పీకిన చెట్టు ఎండాలి, దాని మీద ట్రాక్టరు తిరగాలి, తూర్పార పట్టాలి. ఊళ్లో అంత చదునైన గట్టి నేల ఇప్పుడు మా కోర్టే. మా పంట అయ్యాక పక్కింటివాళ్లూ అడిగారు. మామయ్యగారు కాదనలేదు, మమ్మల్ని అడగనూ లేదు. పెద్దది ముఖం ముడుచుకుంటే ఒకే మాట అన్నారు: "ఆట ఎక్కడికీ పోదమ్మా. మినుము మీద వాన పడితే పోతుంది."

ఆ మాటకు బదులు లేదు. పైగా మంచే జరిగింది. ట్రాక్టరు చక్రాలు తిరిగి తిరిగి, మేము రోలరుతో సాధించలేనంత గట్టిగా నేలను అణిచాయి. దీన్ని బట్టి స్తంభాల పథకం మార్చాం. ముందు అనుకున్నట్టు కాంక్రీటులో శాశ్వతంగా పాతేస్తే ఏటా మినుముకు అడ్డం. నేల మట్టానికి అడుగున్నర లోతున మూడంగుళాల గొట్టం ముక్కలు కాంక్రీటులో దించి, అందులో రెండంగుళాల జీఐ పైపు స్తంభాలు నిలబెట్టేలా చేశాం. ఆట అయ్యాక స్తంభం తీసి గొట్టానికి మూత పెడితే ట్రాక్టరు దాని మీదుగా వెళ్లిపోతుంది. లోపలి పైపు వదులుగా ఆడకుండా చెక్క చీలికలు దిగ్గొట్టాలి. నెట్టు తాడు బిగించగానే స్తంభాలు లోపలికి వంగుతాయి. అందుకని గొట్టాలను కాంక్రీటులో దించేటప్పుడే వెంట్రుకవాసి బయటకు వాల్చాం. ఈ ఉపాయం తెనాలి వెల్డరుది.

వస్తూ పోతూ

గుంటూరు నుంచి పాసింజరు రైల్లో వెళ్లడం పిల్లలకు కోర్టు కన్నా ఇష్టంగా ఉంది. నెట్టు సంచీ పైన పెట్టి, కిటికీ దగ్గర చేరతారు. వేజెండ్ల, సంగం జాగర్లమూడి, అంగలకుదురు. చిన్నవాడు స్టేషన్ పేర్లు బోర్డు రాకముందే పాఠంలా అప్పజెబుతాడు. కారులో అయితే నారాకోడూరు మీదుగా త్వరగానే వెళ్లొచ్చు. కానీ కారులో నలుగురం నాలుగు ఫోన్లు. రైల్లో ఎదురెదురుగా కూర్చుంటే ముఖాలు చూసుకోక తప్పదు. టోర్నమెంటు ప్రయాణాల్లో ఎప్పుడూ ఓ బిగువు ఉంటుంది, గెలుస్తామా లేదా అని. ఇక్కడ గెలవాల్సిందేమీ లేదు. దాంతో పెద్దది నోరు విప్పింది. ఓడిన రోజు కన్నా, ఓడాక మేమిద్దరం కారులో చేసే విశ్లేషణకే తనకు ఎక్కువ భయమట. వేజెండ్ల దాటాక ఈ మాట చెప్పింది. తెనాలి వచ్చేదాకా మా ఆయన కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు.

ఉగాది దాటాక: గీతలు

గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఒకటిన్నర అంగుళం. గీత కూడా కోర్టులో భాగమే. గీత మీద పడిన షటిల్ లోపల పడినట్టే. కాబట్టి 44, 20 కొలతలు గీతల బయటి అంచుల మధ్య రావాలి.

సున్నం వద్దనుకున్నాం. పొడి సున్నం లేచి కళ్లల్లో పడితే ప్రమాదం. ముగ్గుపిండి తెచ్చాం. మా ఆయన ప్లాస్టిక్ సీసా మూతకు చిల్లు పెట్టి ఓ యంత్రం తయారుచేశారు. గీత ఒకచోట సన్నంగా, ఒకచోట కుప్పగా పడింది. వసారాలోంచి చూస్తున్న అత్తయ్యగారు లేచి వచ్చి, కొంగు దోపి, గుప్పెడు పిండి తీసుకున్నారు. పురికొస వెంట వంగి, బొటనవేలు చూపుడువేలు మధ్య నుంచి పిండి వదులుతూ వెనక్కి నడిచారు. ఎక్కడా ఆగలేదు. చివరకు చేరాక పెద్దది స్కేలు పెట్టి చూసింది. మొదట్లో, మధ్యలో, చివర్లో వెడల్పు ఒక్కటే. వెనక్కి నడవడం వల్ల తన పాదం గీత మీద పడలేదు. చిన్న రహస్యం, కానీ మాకెవరికీ తట్టలేదు. మొత్తం కోర్టు ఆవిడే వేశారు. గడ్డివామి కోపం ఆ పూటతో తీరింది.

నెట్టు ఎత్తు: స్తంభాల దగ్గర ఐదడుగుల ఒక అంగుళం, మధ్యలో సరిగ్గా ఐదడుగులు. నేల వాలుగా ఉంది కాబట్టి ప్రతి స్తంభాన్నీ దాని కాళ్ల దగ్గరి నేల నుంచే కొలిచాం.

ఏప్రిల్: ఆట, గాలి

పొద్దున ఆరు గంటలకు గాలి ఆడదు. ఆ గంట స్వర్గం. సాయంత్రం పైరగాలి మొదలైతే షటిల్ తన ఇష్టం. అయిదు గ్రాముల బరువు, పదహారు ఈకలు, దాన్నేం చేస్తాం? నైలాన్ షటిల్‌కు మారాం. వాటి మూతి చుట్టూ ఉండే పట్టీ రంగును బట్టి వేగం: పచ్చ నెమ్మది, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. అవీ గాలికి కొట్టుకుపోతాయి, కాస్త తక్కువగా. దక్షిణం వైపు నుంచి ఏం కొట్టినా బయటకు, ఉత్తరం వైపు నుంచి ఏం కొట్టినా నెట్టుకు. అసలు ఆటలో మూడో గేమ్‌లో 11 పాయింట్ల దగ్గర చివరలు మారతారు. మా ఇంటి చట్టం ప్రకారం ప్రతి ఐదు పాయింట్లకూ మారాలి. కోచింగ్‌లో ఏసీ తప్ప అన్నీ ఉన్న హాల్లో ఆడే పెద్దదానికి ఇది మొదట చిరాకు. తర్వాత గాలిని లెక్కేసుకుని డ్రాప్ షాట్లు వేయడం మొదలుపెట్టింది. నాలాంటి ప్రత్యర్థి మీద అంత అవసరం లేదు, అయినా వేస్తోంది.

గాలికి విరుగుడు మామయ్యగారి అటక మీద దొరికింది: అల్లిక తీగలు (గట్) తెగిన పాత చెక్క రాకెట్లు. ఆయన కుర్రతనంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడారట. పసుపు ఉన్ని బంతి, జట్టుకు అయిదుగురు, అప్పట్లో 29 పాయింట్ల గేమ్. షటిల్ కన్నా ఉన్ని బంతి అయిదారు రెట్లు బరువు కాబట్టి పైరగాలిని ఖాతరు చేయదు. ఒకప్పుడు మన ఊళ్లలో హైస్కూలుకో కోర్టు ఉండేది. వరంగల్‌లో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య 1970లో ఈ ఆటకే అర్జున అవార్డు అందుకున్నారు. ఆ పేరు చెప్పేటప్పుడు మామయ్యగారి గొంతు మారుతుంది. మా పిల్లలకు గోపీచంద్ 2001లో గెలిచిన ఆల్ ఇంగ్లాండ్ టైటిల్ తెలుసు, 2022 థామస్ కప్ ఫైనల్లో మన గుంటూరు శ్రీకాంత్ గెలిచిన మ్యాచ్ తెలుసు. పిచ్చయ్య పేరు మాత్రం మొన్నటిదాకా వినలేదు.

తెనాలిలో రాకెట్లకు గట్టింగ్ చేయించాం. బాల్ బ్యాడ్మింటన్ కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. మాది అందులో సగం కూడా లేదు. అయినా సాయంత్రాలు దానికే. మామయ్యగారు ఎక్కువ కదలరు. నిలబడ్డ చోటి నుంచే బంతిని కోసి కొడతారు. అది నెట్టు దాటి వెంటనే కిందకు దిగుతుంది. పెద్దది రెండు వారాలుగా ఆ కోత నేర్చుకునే పనిలో ఉంది. "ఏ వేలు ఎక్కడ పెట్టాలి తాతయ్యా?" అని అడిగితే ఆయన వేళ్ల గురించి చెప్పలేరు. మళ్లీ కొట్టి చూపిస్తారు, అంతే.

మే

ఫిట్‌నెస్ లెక్కలు ఎవరూ రాయలేదు. నా పాత చుడీదార్ మళ్లీ పడుతోంది, మా ఆయన బెల్టుకు రంధ్రం ఒకటి వెనక్కి వెళ్లింది. చిన్నవాడు ఆట కన్నా నేల పనే ఇష్టమంటున్నాడు. రోజూ పొద్దున గొట్టం పట్టుకుని నీళ్లు చల్లి, గుప్పెడు మట్టి పిసికి చూసి "పదును కుదిరింది" అని ప్రకటిస్తాడు. అందరూ ఆడాలన్న తీర్మానాన్ని వాడి విషయంలో సడలించాం.

ప్రస్తుతం నడుస్తున్న గొడవ సర్వీసు. 2018 నుంచి నిబంధన ఏమిటంటే, సర్వీసు చేసేటప్పుడు రాకెట్‌కు తగిలే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి. పెద్దది ఓ వెదురు కర్ర పాతి, ఆ ఎత్తున ఎర్ర దారం కట్టి, అంపైరు కుర్చీలో నానమ్మను కూర్చోబెట్టింది. మా ఆయన సర్వీసుల్లో సగం దారం పైనే ఉన్నాయని అత్తయ్యగారి తీర్పు. కన్నకొడుకన్న మొహమాటం లేదు.

ముగ్గు గీతలు రోజూ చెరిగిపోతున్నాయి కాబట్టి తెల్ల నవారు పట్టీ కొన్నాం. రెండేసి అడుగులకు ఒక మేకు చొప్పున కొట్టాలి. మినుము వేళకు పీకేయవచ్చు. తూర్పు అంచున నీళ్లు పోయే బోదె సగమే తవ్వాం, మృగశిరలోపు మిగతాది అవ్వాలి. స్తంభాలకు ఎర్ర ప్రైమరు కొట్టాం, రంగు వేయాలి. గొట్టాల మూతలు తుప్పు పట్టకుండా గ్రీజు పెట్టాలి. జూన్ రెండో వారంలో పెద్దదానికి టోర్నమెంటు ఉంది. ఓడినా గెలిచినా తిరుగు ప్రయాణంలో విశ్లేషణ ఉండదని మా ఆయన రాసిచ్చారు. ఆ కాగితం తన రాకెట్ సంచీలో ఉంది.